మూడు వందల ఓమ్‌ల జాతకం

నా ఇంటిపేరు జర్మనీది, పుట్టుక ఐర్లండ్‌ది. హానోవర్ దగ్గర వెన్నెబోస్టెల్‌లో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ 1945లో పెట్టిన ప్రయోగశాల మా వంశానికి మూలం. 1968లో వచ్చిన హెచ్‌డి 414 మా పూర్వీకుడు. చెవిని బిగించి మూసెయ్యకుండా వెనకవైపు తెరిచి ఉంచే హెడ్‌ఫోన్లకు ఆద్యుడు ఆయనే. నా నమూనా హెచ్‌డి 600, 1997 నాటిది. నన్ను బిగించింది తల్లమోర్ అనే ఐరిష్ ఊళ్లో. ఆ ఊరికి విస్కీ తెచ్చిన పేరు ముందు నేను తెచ్చింది ఏపాటి!

ఇప్పుడు నా కాపురం కాకినాడలో. యజమాని మందుల షాపు నడుపుతాడు. రాత్రి షట్టరు దించి, భోంచేసి, నన్ను తలకెక్కించుకుంటాడు. ఘంటసాల, బాలమురళి, ఇళయరాజా, మళ్లీ ఘంటసాల. నా వెనకభాగం జాలీయే కాబట్టి పాట గదంతా పాకుతుంది. "మీరు వింటున్నారా, వీధికి వినిపిస్తున్నారా?" అని ఆయన భార్య పక్కగదిలోంచి అడుగుతూనే ఉంటుంది. నన్ను కొనేవాళ్లకు దుకాణాల్లో ముందు చెప్పవలసిన సంగతి ఇదే, చెప్పరు.

నన్ను మొదట తన పాత ఫోనుకే తగిలించాడు. గొంతు సన్నగా, దూరంగా వచ్చింది. మొహం ముడుచుకున్నాడు. నన్ను అమ్మిన దుకాణానికి ఫోన్ చేస్తే, "సార్, దానికి ఎంత పెడితే అంత పలుకుతుంది" అన్నారు. ఆ ఒక్క మాట నా ఖరీదుకి మూడింతలు రాబట్టింది. వారంలో బల్లమీద రెండు పెట్టెలు వెలిశాయి. ఒకటి డ్యాక్, అంటే ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో ఉన్న అంకెలను విద్యుత్ తరంగంగా మార్చేది. రెండోది ఆ తరంగాన్ని నాకు సరిపడా పెంచే యాంప్లిఫయర్. అది వాల్వులది. గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతుంటే గది అందంగా ఉండేది, ఆ మాట కాదనను. వేసవిలో మాత్రం ఫ్యాను వేగం పెంచాల్సి వచ్చేది.

ఇక్కడ నా జాతకం కాస్త విప్పాలి. నా లోపలి తీగచుట్ట వెంట్రుకంత సన్నం, అల్యూమినియం. సన్నని తీగ ఎక్కువ చుట్లు చుట్టారు కాబట్టి నిరోధం పెరిగింది. 300 ఓమ్‌లు. ఒక మిల్లీవాట్ ఇస్తే 97 డెసిబెల్‌ల మోత పుట్టిస్తాను. నాకు ఏ యాంప్లిఫయర్ సరిపోతుందో చెప్పేవి ఈ రెండు అంకెలే. లెక్క కట్టండి. 1 వోల్టు అందితే నాలో ఖర్చయ్యేది 3.3 మిల్లీవాట్లు, మోత 102 డెసిబెల్‌లు. 3 వోల్టులు ఇస్తే 30 మిల్లీవాట్లు, దగ్గర దగ్గర 112. ఆ పైన మీ చెవి భరించదు, నేనూ సంతోషించను. మరి వాట్లకు వాట్లు పోసే యంత్రాలు నాకెందుకు?

చైనా కంపెనీ హైఫైమాన్‌ది హెచ్ఈ-6 అనే మరో హెడ్‌ఫోన్ ఒకడున్నాడు, పలచని పొర మొత్తాన్నీ అయస్కాంతాల మధ్య కదిపే రకం. 50 ఓమ్‌లే కదా, ఫోన్‌తో సరిపెట్టుకుంటాడనుకుంటారు. వాడు మిల్లీవాట్‌కి పలికేది 83.5 డెసిబెల్‌లే. 105 డెసిబెల్‌ల మోతకు నాకు 6 మిల్లీవాట్ల పైచిలుకు చాలు, వాడికి 140 కావాలి. వోల్టేజిలో మా ఇద్దరికీ తేడా రెండింతలే, కరెంటులో పదకొండింతలు దాటుతుంది. అందుకే వాణ్ని స్పీకర్ల యాంప్లిఫయర్‌కి కట్టి వినేవాళ్లున్నారు. ఓమ్‌లు ఎక్కువుంటే మొండివాడనీ తక్కువుంటే సాధువనీ అనుకునే లోకానికి మా ఇద్దరి జాతకాలూ పక్కపక్కన పెట్టి చూపించాలి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మేనకోడలు వచ్చింది. చిప్‌లు డిజైన్ చేసే కంపెనీలో ఉద్యోగం. పెట్టెలు చూసి నవ్వింది.

"ఏంటే ఆ నవ్వు? బోలెడు పోశాను వాటి మీద."

"బాగున్నాయి మావయ్యా. ఈ వాల్వులది తన వంతుగా ఎన్ని ఓమ్‌లు ఉంచుకుంటుందో చెప్పారా నీకు?"

చెప్పలేదు. ఆ పిల్లే చూసి చెప్పింది, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 120 ఓమ్‌లని. దీన్ని నా నోటితో వివరించడం నాకిష్టం, ఎందుకంటే ఈ గొడవంతా నా ఒంటిదే. నా 300 ఓమ్‌లు అన్ని స్వరాలకూ 300 కావు. మృదంగం తొప్పి పలికే 100 హెర్ట్‌జ్ ప్రాంతంలో అవి 500 దాకా ఎగబాకుతాయి. యాంప్లిఫయర్ తన 120 ఓమ్‌లను నాకు అడ్డంగా పెడితే, వోల్టేజి మేమిద్దరం పంచుకోవాలి. మామూలు స్వరాల దగ్గర నా వాటా 71 శాతం, తొప్పి దగ్గర 81. అంటే కింది స్వరాలు సుమారు 1 డెసిబెల్ ఉబ్బుతాయి. యజమాని "వెచ్చదనం" అని మురిసిపోయింది దానికే! అది తప్పేమీ కాదు, ఆయనకు నచ్చింది. ఇలాంటి వాల్వుల యంత్రాలకూ నాకూ జోడీ బాగా కుదురుతుందని పేరు కూడా ఉంది. కానీ అదే రంధ్రంలో మేనకోడలు తన 50 ఓమ్‌ల హెడ్‌ఫోన్ గుచ్చింది. వోల్టేజిలో దాని వాటా 30 శాతం లోపే. నాబు మొత్తం తిప్పినా పాట నలిగిపోయింది. యాంప్లిఫయర్ తన వంతుగా ఉంచుకునే ఓమ్‌లు హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు మించకూడదని చెప్పే లెక్క ఇందుకే పుట్టింది.

ఆ రాత్రి పరీక్ష పెట్టింది. ఆఫీసు నుంచి తెచ్చిన మంచి మల్టీమీటర్‌తో, 1,000 హెర్ట్‌జ్ స్వరం మీద అన్ని యంత్రాల వోల్టేజినీ సమానం చేసింది. చవక మీటర్లు అంత వేగంగా ఊగే వోల్టేజిని సరిగా చదవవు. ఇలా సమానం చేయడం చాదస్తం కాదు. రెంటిలో ఒకటి అర డెసిబెల్ హెచ్చుగా ఉంటే మనిషి చెవి దాన్ని హెచ్చు అనుకోదు, మెరుగనుకుంటుంది. దుకాణాల్లో ఖరీదైన పెట్టె గెలవడానికి ఈ ఒక్క కిటుకు చాలు. తర్వాత బల్లకు అడ్డంగా దుప్పటి కట్టి, వైర్లు మారుస్తూ కూర్చుంది. వాల్వుల పెట్టెను మావయ్య ప్రతిసారీ పట్టేశాడు, ఉబ్బిన మృదంగం చేత. ఖరీదైన డ్యాక్‌నూ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే యాపిల్ డాంగిల్‌నూ, అంటే ఫోనుకు తగిలించే బుల్లి డ్యాక్‌నూ మాత్రం విడదీయలేకపోయాడు.

"అదేవిటే, అంత డబ్బు పెడితే తేడా లేదంటావా?"

"తేడా లేదనడం లేదు మావయ్యా. నీకు వినపడే చోట లేదు."

నాకైతే ఆశ్చర్యం వెయ్యలేదు. సీడీ సెకనుకు 44,100 సార్లు, 16 బిట్లతో ధ్వనిని కొలుస్తుంది. నిశ్శబ్దానికీ గరిష్ఠానికీ మధ్య 96 డెసిబెల్‌ల చోటుంటుంది. ఈ కాలపు సరైన డ్యాక్ చిప్ ఏదైనా ఆ పనిని పొల్లుపోకుండా చేస్తుంది. యజమాని వినే పాటల్లో సగం 78 ఆర్‌పీఎం రికార్డుల నుంచి ఎత్తినవి. వాటి గరగర ముందు డ్యాక్‌లో మిగిలే రొద ఎంత? 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎం కంపెనీ చిప్‌ల ఫ్యాక్టరీ తగలబడితే చాలామంది తయారీదారులు వేరే కంపెనీ చిప్‌కి మారారు. ఫలానా చిప్ లేకపోతే సంగీతమే లేదన్న ప్రచారం చేసినవాళ్లే, మర్నాడు మరో చిప్‌ను అంతే గట్టిగా పొగిడారు.

డాంగిల్‌ను కూడా నెత్తిన పెట్టుకోను. అది ఇచ్చేది 1 వోల్టు, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో అదీ పూర్తిగా రాదు. యూరప్‌లో అమ్మేది ఇంకా తక్కువ ఇస్తుంది. సినిమా పాటలకు ఫర్వాలేదు. పాత కచేరీ రికార్డింగుల స్థాయి మరీ కిందికి ఉంటుంది, తంబురా వినపడాలంటే ఇంకో రెండు వోల్టుల వెసులుబాటు కావాలి. అందుకని మేనకోడలు ఒక చిన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ తెప్పించింది. ఒక ఓమ్ కన్నా తక్కువ అడ్డు, చాలినంత వోల్టేజి. నా మటుకు వెతుకులాట అక్కడితో అయిపోయింది.

ఇంకొక్కటి మిగిలింది. లాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడల్లా నాలో సన్నని గీ అన్న మోత. యజమాని ఇంకో యాంప్లిఫయర్ కొందామన్నాడు! చార్జరు ఒక గోడ ప్లగ్గులో, యాంప్లిఫయర్ మరో గోడలో. రెండు చోట్ల ఎర్త్‌లు, వాటి మధ్య తిరిగే చిరు కరెంటు, దాని మోత నాలో. మేనకోడలు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చింది, మోత ఆగిపోయింది. ఆగకపోతే ఆప్టికల్ తీగ వాడాలనుకుంది. దానిలో పారేది వెలుతురు, కరెంటు కాదు.

వాల్వుల పెట్టె ఇంకా బల్ల మీదే ఉంది. చలికాలంలో యజమాని దానికే కడతాడు నన్ను. నాకేం అభ్యంతరం లేదు, అది రుచి. ఈమధ్య మళ్లీ ఏదో కొత్త డ్యాక్ గురించి ఫోన్లో వాకబు చేస్తున్నాడు. అయ్యా, నా చెవిదిండ్లు అణిగి పలచబడ్డాయి. తీగచుట్టకూ మీ చెవికీ ఎడం తగ్గి నా పలుకే మారిపోయింది, ఏ డ్యాక్ తెచ్చే తేడాకన్నా ఎక్కువగా. నాలో దాదాపు ప్రతి భాగమూ ఊడదీసి మార్చుకునేలా చేశారు, దిండ్ల జత విడిగా దొరుకుతుంది. ముందు అవి తెప్పించండి.