నాలుగు వరసల పిన్నిగారు

"ఇంకెంత, నాలుగు వరసలే!" అనే మనిషి ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఆ వరసలు స్వెట్టరువి కావచ్చు, పూసల తోరణానివి కావచ్చు. కడలూరు రోడ్డు మీది మా మురుంగపాక్కంలో మాత్రం అవి బొంతవి.

పిన్నిగారిది యానాం. బాబాయిగారి సర్కారు ఉద్యోగం ఆవిణ్ణి పుదుచ్చేరి తీసుకొచ్చింది. రెండూ ఒకే ప్రభుత్వం కిందివే గానీ మధ్యలో ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల పరాయి నేల. 2007లో యానాంలో కూతురు నీళ్లాడబోతుంటే పుట్టబోయే మనవడి కోసం సూది పట్టారు. పట్టి, వెంటనే దించేశారు. "పుట్టకముందే కుట్టకూడదు" అన్నారు.

వాడు పుట్టాడు. అయితే మంగళవారం, శుక్రవారం పిన్నిగారు సూది ముట్టరు. అమావాస్య సరేసరి. దీపాలు పెట్టాక సూదిలోకి దారం ఎక్కించరు. అది శాస్త్రమని ఆవిడ, చత్వారమని బాబాయిగారు.

అలాగని పని తెలియని మనిషి కాదు. బొంతకు కొత్తగుడ్డ తెస్తే కస్సుమంటారు. ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలుగుడ్డే కావాలి. అడుగున బాబాయిగారి పంచె, నడుమ చిరిగిన దుప్పట్లు, పైన బండారులంక నేతచీర ముక్కలు, ముదలియార్‌పేట ఏఎఫ్‌టీ మిల్లు గుడ్డ. పొరలు జరగకుండా ముందు పొడుగు టాకాలు, ఆపైన బియ్యపుగింజంత కుట్లు, వరస వెంట వరస.

చిక్కల్లా మనవడితోనే. బొంత ఒక కొలిక్కి వచ్చేసరికి వాడు జానెడు పెరిగేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా పడుకోబెట్టి కొలిచేవారు. కాళ్లు బయటికొచ్చేవి. అంచుపట్టీ విప్పి, కొత్త ముక్క అతికి, పొరలు పరిచి, మళ్లీ మొదలు. ఎంత కుట్టాలి పిన్నిగారూ అంటే, "నాలుగు వరసలే!" పాపం, ఆవిడ ఎన్నడూ అబద్ధమాడలేదు. ప్రతిసారీ అవి నాలుగే.

2011 డిసెంబరు 30న థానే తుపాను పైకప్పు పెంకుల్ని ఎగరగొట్టింది. తడిసిన బొంతను నలుగురం పట్టి పిండాం. 1898లో పుట్టిన ఏఎఫ్‌టీ మిల్లు 2020లో మూతపడింది. బొంత మూతి మాత్రం మూతపడలేదు. 2024 నవంబరు ఆఖరున ఫెంగల్ తుపాను ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిపిస్తే, పిన్నిగారు బియ్యం బస్తా కన్నా ముందు బొంతను మంచం మీదికెక్కించారు.

ఎదురింటి తమిళావిడ పద్దెనిమిదేళ్లుగా ముగ్గు వేస్తూ అడుగుతూనే ఉంది: "ఎన్నక్కా, ముడింజుదా?" అయిపోయిందా అని ఆవిడ భావం. పిన్నిగారికి అరవం నీళ్లప్రాయం. కూరగాయల బేరంలో అరవవాళ్లే ఆవిడ ముందు తడబడతారు. కానీ ఈ ఒక్క మాటకు మాత్రం తెలుగర్థమే తీసుకుంటారు. "ముడి ఇంకా పడలేదమ్మా" అంటారు.

కిందటేడు మనవడికి పుదుచ్చేరిలోనే ఇంజనీరింగు సీటొచ్చింది. దిగీదిగగానే గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిలుతో గీత గీశారు. నెల తర్వాత మళ్లీ నిలబెట్టారు. గీత కదల్లేదు. బాబాయిగారు మెల్లిగా, "వాడు ఆగాడే" అన్నారు. పిన్నిగారి మొహంలో చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవలసినవాడి దిగులు కనబడింది.

చేసేదిలేక ఒక బుధవారం పొద్దున్నే, ఎండలో కూర్చుని, ఆ నాలుగు వరసలూ కుట్టేశారు. దారాన్ని వేలికి మూడుసార్లు చుట్టి ముడి వేసి, పంటితో తెంపారు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎదురింటావిడ ఈసారి అడగలేదు. పిన్నిగారే, "ముడింజిదమ్మా" అని శుద్ధమైన అరవంలో ప్రకటించారు.

మార్గశిరంలో కూడా ఫ్యాను ఆపితే నిద్రపట్టని ఊరు మాది. మనవడు బొంతను కప్పుకోలేదు, కింద పరుచుకుని పడుకున్నాడు. అర్ధరాత్రి పిన్నిగారు లేచి లైటు వేసి చూశారు. వాడి పాదాలు బెత్తెడు బయటున్నాయి. గుమ్మం దగ్గర కదలని గీత ఇక్కడెలా కదిలిందో! చేయి అలవాటుగా అంచుపట్టీ మీదికి వెళ్లింది. కొసన ఉన్న ముడిని కాసేపు తడిమి చూసింది. వెనక్కొచ్చింది.

"ఈసారి విప్పను గాక విప్పను. నువ్వే కాళ్లు ముడుచుకోరా నాన్నా" అని లైటార్పేశారు.