చక్ర శతకం: మొదటి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
పాత టైరు తీసి పంతమ్ముతో కొత్త
పెద్ద దొకటి వేసి పిదప జూడ
ముల్లు చూపు నంకె మోసమ్ము సేయురా
బండి వడిని తక్కువనుచు పలుకు

అవతారిక: కవినీ నేనే, వ్యాఖ్యాతనూ నేనే. కాబట్టి కవిహృదయం గురించి తగవు రాదు. తక్కిన తొంభై తొమ్మిది పద్యాలు పాఠకులకు బాకీ. ఇక సందర్భం. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయి కట్టడాలకు రాళ్లు మోసిన కామాఠీల పేరు మీద వెలసినది కామాఠీపురం. అక్కడి గల్లీలకు నంబర్లే పేర్లు. అందులో ఒక చాల్ ముందు లారీ ఓనరు, డ్రైవరు వాదులాడుకుంటున్నారని ఊహించుకోవాలి. బండికి ఉన్నవి 9.00-20 టైర్లు, ఓనరు మనసు పడ్డవి 10.00-20. ముందు అంకె వెడల్పు, వెనుక అంకె రిమ్ము, రెండూ అంగుళాల్లో.

ప్రతిపదార్థం: పాత టైరు = గాట్లు అరిగి నున్నబడినదానిని; తీసి = జాకీ ఎత్తి, నట్లు విప్పి; పంతమ్ముతో = డ్రైవరు వద్దన్నందుకే; కొత్త పెద్దది ఒకటి = ‘ఒకటి’ అన్నది గణాల కోసం, నిజానికి వెనుక ఇరుసుకు నాలుగు; వేసి = బిగించి; పిదప చూడన్ = హైవే ఎక్కాక చూడగా; ముల్లు = స్పీడోమీటరు ముల్లు; చూపు అంకె = తెలిపే సంఖ్య; మోసమ్ము సేయు = వంచించును; రా = ఇది డ్రైవరు ఓనరును అనగలిగిన మాట కాదు, కనుక కవి తనలో తాను అనుకున్నట్టు గ్రహించాలి; బండి వడిని తక్కువ అనుచు పలుకు = ఉన్న వేగం కంటే తగ్గించి చెప్పును.

పూర్వపక్షం (ఓనరు): “పెద్దదేస్తే బండి ఎత్తు మీదుంటది, లోడు ఆగుతది. ఏమైతది రా?”

సిద్ధాంతం (డ్రైవరు): “మీటరు ఆగమైతది మామా. ఖండాలా ఘాట్‌ల గుంజదు కూడా.”

డ్రైవరు పక్షమే బలమైనది. చక్రం పెద్దదైతే అదే గేరులో లాగే శక్తి తగ్గుతుంది. పైగా పక్కపక్కన ఉండే జంట టైర్లు లావెక్కి ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. అయితే కవికి కావలసింది మీటరు.

‘మోసమ్ము’ అన్న మాట దగ్గర వ్యాఖ్యాత కవితో విభేదిస్తున్నాడు. ముల్లుకు టైరు కనపడదు. గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మాత్రమే దానికి తెలుసు. చుట్టుకు ఇంత దూరం అని కంపెనీవాళ్లు చెప్పి పెట్టిన లెక్కతో దాన్ని హెచ్చిస్తుంది. 9.00-20 టైరు ఎత్తు సుమారు 1018 మి.మీ., 10.00-20 ఎత్తు సుమారు 1052. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 10 సెం.మీ. అదనంగా పోతుంది, ఆ సంగతి ముల్లుకు ఎవరూ చెప్పలేదు. అది 60 అన్నప్పుడు బండి 62 మీద ఉంటుంది.

దోషవిచారం: ఏ చక్రమో చెప్పకపోవడం అతివ్యాప్తి. ముందు టైర్లు ఎంత మార్చినా లారీ మీటరు చలించదు, ఇంజను తిప్పేది వెనుక చక్రాలనే కదా.

అలంకారం: ఇక్కడ చట్టమే ఆలంకారికుడు. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 39వది ముల్లు నిజవేగం కంటే కొంత ఎక్కువ చూపవచ్చునంటుంది, తక్కువ మాత్రం చూపరాదంటుంది. అనగా అతిశయోక్తికి అనుమతి ఉంది, న్యూనోక్తికి లేదు. చిన్న టైరు వేస్తే మొదటిది, పెద్దది వేస్తే రెండవదానికి దారి. 80 దగ్గర కట్టడి ఉన్న లారీకి రెండు మూడు కిలోమీటర్ల తేడా చిన్నది కాదు.

తాత్పర్యం: వేగం కంటే దూరం లెక్కలోనే డబ్బు పోతుంది. ముంబై నుంచి షోలాపూర్ మీదుగా హైదరాబాదు సుమారు 710 కిలోమీటర్లు. ఈ టైర్లతో మీటరు మీద పడేది 687. కిలోమీటరుకు ఇంతని భాడా మాట్లాడుకున్నవాడు ప్రతి ట్రిప్పుకూ 23 కిలోమీటర్లు ఊరికే తోలతాడు. డీజిలు మాత్రం 710కీ కాలుతుంది, అందుకే ‘మైలేజీ పడిపోయింది’ అని ఓనరు డ్రైవరునే నిలదీస్తాడు. పంతం ఓనరుది, పడేది డ్రైవరు.

విశేషం: ‘పెద్దది’ అన్న మాటలో ఇంకొక అర్థం దాగి ఉంది, ఇది రాసేటప్పుడు కవికి కూడా తోచలేదు. కొత్త లారీ టైరు గాట్ల లోతు సుమారు 15 మి.మీ. అది పూర్తిగా అరిగేసరికి పైనా కిందా కలిపి ఎత్తులో 30 మి.మీ. వరకు పోతుంది. అప్పుడు అరిగిన 10.00-20, కొత్త 9.00-20 కొలతకు దగ్గర దగ్గరగా నిలుస్తాయి. కాబట్టి సైజు మార్చకుండా, నున్నబడ్డ టైరు తీసి అదే సైజు కొత్తది వేసినా, మొన్నటిదాకా ఎక్కువ పలికిన మీటరు నేడు కాస్త తగ్గి పలుకుతుంది. ఆ మేరకు పద్యం అప్పటికీ నిజమే.

ప్రయోగం: టైర్లు వేయించాక హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ ఒక పది తోలాలి. మీటరు మీద తక్కువ పడితే, కొత్త బండిలో మెకానిక్ చేత టైరు సైజు లెక్క మార్పించాలి. పాత కేబులు బండిలో కేబులు తిప్పే పళ్ల చక్రం మార్పించాలి. అంతవరకు భాడా మీటరు మీద కాకుండా ట్రిప్పుకు ఇంతని మాట్లాడుకోవాలి.