ఒక సర్వరు స్వీయచరిత్ర

2012వ సంవత్సరమున హైదరాబాదు నగరమందలి యొక వర్తక సంస్థవారు నన్ను కొని, రేయింబవళ్లు ఏ.సీ. నడచు నొక యిఱుకు గదిలో ర్యాకునకు బిగించిరి. మా జాతికి దేహమొకరి చేతను, ప్రాణమొకరి చేతను లభించును. నాలో ప్రథమమున ప్రతిష్ఠింపబడిన ప్రాణము విండోస్ సర్వర్ 2008 ఆర్2.

ఆ వ్యవస్థను నేను నిందింపజాలను. ఉద్యోగులందఱి ఖాతాలను యాక్టివ్ డైరెక్టరీ యొక్కచోట నుండియే పాలించుచుండెను. చిక్కు వచ్చినపుడు ఫోను చేసి నిలదీయుటకు బాధ్యుడొకడుండెను. అయినను నాకు చెల్లించిన లైసెన్సు చాలక, నన్నాశ్రయించు ప్రతి మనుష్యుని కొఱకును క్యాల్ అను వేఱొక లైసెన్సు కొనవలసియుండెను. "ఇంకో ఇరవైమంది చేరితే ఇంకో ఇరవై క్యాల్స్ తీసుకోవాల్సిందే సార్" అని నా సంరక్షకుడు విన్నవించినప్పుడెల్ల మేనేజరుగారి ముఖము చిన్నబోవుచుండెను.

2020 జనవరి 14తో ఆ వ్యవస్థకు సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోగా, నా డిస్కులు తుడిచివేయబడి, సెంటాస్ 8 అను లినక్సు నాలో ప్రవేశించెను. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమమును, హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన కెర్నెలును కలిసి పెంచిన యీ వంశము, 2017 నవంబరు నాటికి ప్రపంచమందలి ఐదువందల మేటి సూపర్ కంప్యూటర్లనన్నిటిని ఆక్రమించెను. నల్లని తెరపై ఆజ్ఞలు టైపుచేయుట నా సంరక్షకునికి మొదట కష్టముగనే తోచెను. లైసెన్సులపై మిగిలిన ధనములో కొంత నేర్పరుల జీతములకే వ్యయమయ్యెను.

వెల లేని వస్తువునకు వంచన లేదని నేను తలచుచుండగా, రెడ్‌హ్యాట్ అను సంస్థవారి మూలగ్రంథము (సోర్స్ కోడ్) నుండి నిర్మింపబడుచు 2029 వఱకు నిలుచునన్న సెంటాస్ 8, 2021 అంతముతోనే ముగియునని 2020 డిసెంబరున ప్రకటన వెలువడెను. వాణిజ్య వ్యవస్థయే యైనచో యజమాని నిర్ణయమే తుదిమాట. ఇచట మూలగ్రంథము బహిరంగముగ నున్నందున, 2021 మార్చి ముగియకమునుపే ఆల్మాలినక్స్ అను నూతన నిర్మాణము సిద్ధమయ్యెను. ఒక రాత్రి నా సంరక్షకుడు స్క్రిప్టు నొకదానిని నడిపి నన్ను ఆ నిర్మాణమునకు మార్చి రీస్టార్టు చేసెను. ఫ్యానులు నిమిషకాలము ఘోషించి శాంతించిన పిమ్మట చూడగా, దత్తాంశమంతయు యథాస్థానముననే యుండెను.

ఉచితమను మాటతో వాణిజ్యము తొలగిపోవునని భ్రమపడరాదు. లినక్సునకు తోడ్పాటును విక్రయించుటయే వృత్తిగా గల రెడ్‌హ్యాట్‌ను ఐ.బి.ఎం. 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొనెను. ఆ రెడ్‌హ్యాట్ తన లినక్సు పదవ సంచికలో నా యీడు ప్రాసెసర్లను విడనాడగా, ఆల్మాలినక్స్‌వారు అదే సంచికను మావంటి పాతవాని కొఱకు ప్రత్యేకముగ నిర్మించి 2025లో విడుదల చేసిరి. కనుకనే సర్వరు లోకమున లినక్సునకు గల ప్రాచుర్యమునకు వెల లేమి యొక్కటే కారణమని నేనొప్పుకొనను: ఒకరు విడిచినదానిని వేఱొకరు ఎవ్వరి యనుమతియు నక్కఱలేక చేపట్టవచ్చును, ఆ హక్కు వలననే నేను నేటికిని పనిలోనున్నాను.