ఆటపాక గూడబాతు ఆత్మకథ

నేను గూడబాతుని. ఇప్పటి పిల్లలు పెలికాన్ అంటారు, అలాగైనా పిలవండి. కాపురం కొల్లేటి సరస్సులో, కైకలూరు పక్కన ఆటపాకలో. భోజనం మాత్రం నాలుగైదు మండలాల్లో. పొద్దెక్కాక నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. అప్పుడు రెక్కలు చాపితే చాలు, మిగతా పని ఆ గాలే చూసుకుంటుంది. చాపిన నా రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు ఎనిమిది అడుగులు ఉంటాయి. ముదినేపల్లి మీదుగా వెళ్తుంటే కింద చేల మధ్య చెరువులు, చెరువుల మధ్య చేలు. ఆ చెరువుల్లో బొచ్చె, శీలావతి. వాటిని చూస్తే నా నోరూరుతుంది, నన్ను చూస్తే కాపలావాడికి ఒళ్లు మండుతుంది. గట్టు మీద నుంచి టపాసు పేలుస్తాడు. అతని తప్పేం లేదు. నేను రోజుకు కిలో పైనే చేప తింటాను, ఆ చేప మేత అతని యజమానికి అప్పు.

ఆత్మకథ అన్నాను గానీ ఇందులో సగం వంశచరిత్రే. నేను చెప్పబోయే మాస్టారిని నేను చూడలేదు. మా తాతలకు ముత్తాతలు చూశారు.

అది 1946. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు. అక్కడి చెట్ల మీద మావాళ్లు దాదాపు మూడు వేల మంది గూళ్లు కట్టుకుని ఉన్నారు. పాలక్కాడు వైపు కావశ్శేరిలో పుట్టిన ఇరవై మూడేళ్ల మలయాళీ యువకుడు ఒకాయన వచ్చి వాళ్లను చూశాడు. పేరు కె.కె. నీలకంఠన్. ఆయన బడిపంతులు కాదు. తర్వాత కేరళ కాలేజీల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. అయినా మాకు మాస్టారే. చెప్పిన పాఠం మా గురించి కదా!

ఆ కాలనీని ఆయన కనిపెట్టారని పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట వింటే ఆరేడు అవ్వలు నవ్వుకుని ఉంటారు. తెల్లారి లేస్తే నెత్తిన రెట్ట వేసే మమ్మల్ని వాళ్లకు కొత్తగా కనిపెట్టి చూపాలా? అయినా ఊరికి తెలిసింది ఊళ్లోనే ఉండిపోతుంది. మాస్టారు దాన్ని కాగితం మీద పెట్టారు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆరేడు కాలనీ మీద ఆయన వ్యాసం అచ్చయింది. పక్షి కనిపిస్తే తుపాకీతో కొట్టి, తోలు ఒలిచి, పెట్టెలో పెట్టడమే పక్షిశాస్త్రంగా చాలాకాలం చెలామణీ అయింది. ఈయన బతికున్న పక్షుల సంసారం గురించి రాశారు. మా జాతికి అది చిన్న మర్యాదేం కాదు.

1975 ప్రాంతానికి ఆ కాలనీ లేకుండా పోయింది. ఊళ్లో చెట్టు మీద కాపురం అంటే అద్దె ఇంట్లో కాపురమే. అయినా, పోయింది ఎంతో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ఆ మూడు వేల లెక్క ఉండబట్టే. అది లేకపోతే ఆరేడులో గూడబాతులుండేవంటే ముసలమ్మ కబుర్లని కొట్టిపారేసేవారు.

మాస్టారు కేరళలో 'ఇందుచూడన్' అన్న కలం పేరుతో రాశారు. 1958లో ఆయన పుస్తకం 'కేరళత్తిలె పక్షికళ్' వచ్చింది. ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకున్న మనిషి పిట్టల సంగతి మాత్రం సొంత భాషలో రాశాడు! పొలం గట్టు మీద నిలబడి ఇది ఫలానా పిట్ట అని పోల్చుకోవడం మలయాళీలు ఆ పుస్తకంతోనే నేర్చుకున్నారు. సైలెంట్ వ్యాలీ అడవిని డ్యామ్ నీళ్లలో ముంచవద్దని గొంతెత్తిన వాళ్లలోనూ ఆయన ఉన్నారు. 1992 జూన్ 14న కన్నుమూశారు. కేరళలో పక్షులు చూసేవాళ్లు ఇప్పటికీ ఆయన్ను గురువుగా తలుచుకుంటారు. కొల్లేటి గట్ల మీద మాత్రం ఆయన పేరు ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

ఇక నా సంగతి. మావాళ్లు నెల్లూరు వైపు నేలపట్టులో, గుంటూరు పక్క ఉప్పలపాడులో, శ్రీకాకుళం వైపు తేలినీలాపురంలో కాపురాలు పెట్టారు. తేలినీలాపురంలో మమ్మల్ని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారట. కొల్లేటి వాటా ఆటపాక. సర్కారు 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. దాని మీద తగువులు ఇంకా తెగలేదు, అందులో నేను వేలు పెట్టను, నాకు వేళ్ల మధ్య తోలుంది.

ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. నేను అలాంటి స్టాండు మీదే పుట్టాను. ఒంటి మీద ఈక లేదు, గోల మాత్రం ఆకాశమంత. అమ్మ గొంతుసంచిలోకి తల దూర్చి సగం అరిగిన చేప తిన్నాను. గూడు వదలడానికి నాలుగు నెలలు పట్టింది. పెరిగేకొద్దీ మా గోల అణిగిపోతుంది. పెద్ద గూడబాతు దాదాపు మూగదే. అందుకే మా తరఫున రాసేవాళ్లు కావాలి.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. ముదినేపల్లి మాస్టార్లూ, టీచరమ్మలూ! ఆటపాక మీకు దూరం కాదు. కార్తీకం దాటాక మీ క్లాసు పిల్లల్ని తీసుకురండి. ఒక్కొక్కరికి ఒక్కో స్టాండు అప్పగించండి. గూళ్లెన్ని, పిల్లలెన్ని, పక్క గూళ్లో ఉన్నది మావాళ్లా, ఎర్రకాళ్ల కొంగలా, అంతా తెలుగులోనే, తేదీ వేసి రాయించండి. ఆ పుస్తకాన్ని బళ్లోనే ఉంచండి. మీకు బదిలీ అయితే తర్వాత వచ్చే మాస్టారికి అప్పజెప్పండి. మీ పిల్లల్లో చేపల చెరువులున్న ఇళ్లవాళ్లు కూడా ఉంటారు, టపాసుల సంగతి వాళ్ల నాన్నలతో ఒకసారి మాట్లాడి చూడండి.