అడిగి పోయిన రోజులు

మా రోజుల్లో మెదక్ జిల్లా అల్లాదుర్గ్ నుంచి ఒక మనిషి దుబాయి పోవాలంటే ముందు ఇంట్లో పంచాయితీ జరిగేది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అత్తగారింటివాళ్లు, అప్పిచ్చే ఆసామి అందరూ కూర్చునేవాళ్లు. అప్పెంత, మిత్తెంత, ఎన్నేళ్లకు తీరుతుంది, వెనక ఎవుసం ఎవరు చూస్తారు, ముసలోళ్లను దవాఖానకు ఎవరు తీసుకుపోతారు? ఇవన్నీ తేలాకే పాస్‌పోర్టు మాట. ఇప్పటి పోరగాళ్లు ఫోన్లో వీసా కాగితం చూపించి "ఎల్లుండే ఫ్లైటు" అంటున్నారు. అమ్మకు కూడా ఆ రోజే తెలుస్తున్నది.

అవసరం అప్పుడు తక్కువేం లేదు. 1972 కరువు మా వైపు ఇండ్లను ఊడ్చేసింది. అంతకుముందు నుంచే బొంబాయి, భీవండి పోయేవాళ్లు ఉండేవాళ్లు. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో పనులు మొదలయ్యాక కరీంనగర్, నిజామాబాద్‌లతో పాటు మెదక్ కూడా అటు నడిచింది. పక్కనే మంజీరా ఉన్నా, దాని మీద సింగూరు ప్రాజెక్టు కట్టినా, ఆ నీళ్లు ముందు హైదరాబాదు గొంతు తడపడానికే పోయాయి. మా రైతులకు మిగిలింది వాన, బోరు. అందుకే పోవద్దని నేను ఎన్నడూ అనలేదు. చూసుకోకుండా పోవద్దంటున్నా.

సెలవు మీద ఎవరైనా వస్తే వాళ్లింటి అరుగు నిండేది. టేపురికార్డరు చూడడానికి పిల్లలు వస్తే, పెద్దలు లెక్క అడగడానికి వచ్చేవాళ్లు. చెప్పిన జీతమే ఇస్తున్నారా? రూములో ఎంతమంది? అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు, ఎవరి దగ్గరుంది? కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న యజమాని, మంచోడేనా? ఎడ్లను కొనేటప్పుడు పళ్లు పట్టి చూసినట్టు ప్రతి మాటా పట్టి చూసేవాళ్లు. ఆ మనిషి ఎండలో పడ్డ కష్టం కూడా దాచకుండా చెప్పేవాడు.

ఇంకో కట్టుబాటు ఉండేది. భూమి కుదువ పెట్టు, కానీ అమ్మొద్దు. ఆ కట్టుబాటు విలువ 1990 ఆగస్టులో అందరికీ తెలిసింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక మన దేశం లక్షా డెబ్బై వేలకు పైగా మనుషులను వెనక్కి తెచ్చింది. చాలామంది కట్టుబట్టలతో దిగారు. ఊళ్లో మడి మిగిలినవాడు మళ్లీ నాగలి పట్టాడు. అమ్ముకున్నవాడు కూలికి పోయాడు.

ఇప్పుడు 161 నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది, రోడ్డు పక్క ఎకరానికి ధర పెరిగింది. పోయిన భూమి గల్ఫ్ జీతంతో మళ్లీ కొనడం అయ్యే పని కాదు. అయినా అమ్మి ఏజెంటు చేతిలో పోస్తున్నారు.

నన్ను అన్నిటికన్నా బాధించేది ఇదే. మాలో మొదట పోయినవాళ్లకు ఏ రక్షణా లేదు. ఇప్పుడున్న వలసల చట్టం వచ్చిందే 1983లో. ఈనాటి పోరగాళ్లకు అన్నీ ఉన్నాయి. పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. అతను తీసుకునే ఫీజు 30,000 రూపాయలు మించకూడదు, దానిపైన జీఎస్టీ. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. ఇవన్నీ వదిలేసి విజిట్ వీసా మీద ఎక్కుతున్నారు. అక్కడ కల్లివెల్లి అయి, అంటే కాగితాల్లేనివాళ్లుగా మారి, దాక్కొని బతికి, 2018లోనో 2024లోనో యూఏఈ క్షమాభిక్ష ప్రకటిస్తే గానీ ఇంటి దారి దొరకనివాళ్లున్నారు.

చదువుకున్న పిల్లల తీరూ అంతే. ఇల్లు బ్యాంకులో పెట్టి అమెరికా పోతున్నారు. అక్కడ ఏడాదికి వచ్చే కొత్త హెచ్‌1బీ వీసాలు 85,000 దాకా, అవీ లాటరీలో. 2025 సెప్టెంబరులో ఆ దేశ అధ్యక్షుడు ఒక్క ప్రకటనతో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వేశాడు. పక్కింటి పిల్లవాడు పోయాడన్నది పోవడానికి కారణం కాదు.

బిడ్డలారా, పోండి, సంపాదించండి. కానీ ఒప్పందం కాగితం మీకు తెలిసిన భాషలో చదివించుకోండి. ఏజెంటు లైసెన్సు నంబరు అడగండి. అక్కడ పనిచేసి వచ్చిన ఇద్దరు ముగ్గురితో ఎదురుగా కూర్చొని మాట్లాడండి. అప్పు లెక్క భార్యకు, తల్లిదండ్రులకు చెప్పండి. భూమి మాత్రం అమ్మకండి. ఇవన్నీ చూసుకోనివ్వకుండా తొందరపెట్టే ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు ఉంటే, ఈ రోజే వెనక్కి తెచ్చుకోండి.