టెక్నాలజీ బాబాయ్

టెక్నాలజీ బాబాయ్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. తిరువూరు బాబాయ్‌కి మాత్రం స్థానబలం ఎక్కువ. ఆయన టీ తాగే బోసు బొమ్మ సెంటర్ నుంచి ఒక దిక్కుకి వెళ్తే మైలవరం మీదుగా విజయవాడ, ఇంకో దిక్కుకి వెళ్తే కొత్తగూడెం, భద్రాచలం. కాస్త దూరం పోతే తెలంగాణ సరిహద్దు. అందుచేత ఆయన ఇచ్చే తీర్పులు ఏకకాలంలో రెండు రాష్ట్రాల్లోనూ అమల్లోకి వచ్చేస్తాయి. యాభై దాటిన వయసు, కొంత మామిడి తోట, హైదరాబాదులోనో డాలస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే బంధువులు, చొక్కా జేబులో పట్టీ పట్టని ఫోను. ఆ ఫోనుకి పుస్తకంలా తెరుచుకునే రెక్సిన్ కవరు. కవర్లో ఆధార్ జిరాక్సు, ఎరువుల కొట్టు బిల్లు, రెండు పది నోట్లు. అక్షరాల సైజు ఎంత పెంచి ఉంటాడంటే తెర మీద ఒకసారికి నాలుగు మాటలకు మించి పట్టవు. దాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, పక్క బల్ల వాళ్లు కూడా చదువుకునేలా చదువుతాడు. టీ డబ్బులు స్కాన్ చేసి కొడతాడు. కొట్టి ఊరుకోడు, గల్లాపెట్టె పక్కనున్న డబ్బా డబ్బు అందిందని నోరు తెరిచి చెప్పేదాకా అక్కడే నిలబడతాడు. అది విన్నాక నింపాదిగా కూర్చుని మొదలుపెడతాడు: "ఈ సెల్లులొచ్చాక మనుషుల మధ్య మాటల్లేకుండా పోయాయండీ." ఆ మాట మీద నలుగురితో ముప్పావుగంట మాట్లాడతాడు.

ఆయన్ని చూసి నవ్వడం తేలిక. ఒకరోజు ఏఐ వల్ల ఉద్యోగాలన్నీ ఊడిపోతాయంటాడు, మర్నాడు మన పిల్లలు లేకపోతే అమెరికాలో ఒక్క కంప్యూటరూ తెరుచుకోదంటాడు. మాటకీ మాటకీ పొంతన లేదనిపిస్తుంది. కాని ఆ మాటల్ని వరసగా పేర్చి చూస్తే గట్టి నియమమే ఒకటి బయటపడుతుంది. ఫోను తన చేతిలో ఉంటే అది పని. కొడుకు చేతిలో ఉంటే చదువు చెట్టెక్కింది. కూతురి చేతిలో ఉంటే "ఎవరితోనమ్మా అంతసేపు?" పిన్ని చేతిలో ఉంటే కూర మాడిపోవడానికి అదే కారణం, ఆవిడ అప్పుడు చూస్తున్నది డ్వాక్రా గ్రూపు లెక్కలైనా సరే. డాలస్ అల్లుడి చేతిలో ఉంటే జాతికి గర్వకారణం. ప్రభుత్వం చేతిలో ఉంటే, అది ఏ పార్టీ ప్రభుత్వమన్నదాన్ని బట్టి సుపరిపాలనో నిఘానో అవుతుంది. అంటే బాబాయ్‌కి టెక్నాలజీ మీద ఒక్క అభిప్రాయమూ లేదు, ఉన్నవన్నీ దాన్ని పట్టుకున్న చేతుల మీదే. చిత్రమేమిటంటే పద్ధతిగా చూస్తే అదే సరైన పద్ధతి. వస్తువు మంచిదా చెడ్డదా అని తలలు బద్దలుకొట్టుకునేవాళ్ల కంటే, అది ఎవరి చేతిలో ఉంది, డబ్బెటు పోతోంది అని చూసేవాడే అసలు సంగతికి దగ్గరగా ఉంటాడు. చూడవలసిన చోటల్లా ఆయన చూడడు. దానికి తర్వాత వద్దాం.

ముందు ఆటలు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీతో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు బాబాయ్ దేశభక్తి ఉప్పొంగింది. లోపలి కారణం చైనా కాదు, మేనల్లుడి ఇంటర్ మార్కులు. ఆ ఆటే 2021 జులైలో పేరు మార్చుకుని బీజీఎంఐగా వచ్చింది, 2022 జులైలో మళ్లీ మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. ఈ రాకపోకలన్నిటిలోనూ మేనల్లుడు ఆడుతూనే ఉన్నాడు, బాబాయ్ నిషేధం అమల్లో ఉందనే అనుకున్నాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి పతకాలిచ్చారని చెవిన పడ్డాక మాత్రం "వాడిలో ఏదో టాలెంటుందండీ" అన్నాడు. తుపాకులు అవే, కాల్పులు అవే.

అసలు సరుకు రమ్మీలో ఉంది. పేకాట మనకు కొత్త కాదు. మామిడి తోటలో పేకాట శిబిరంపై దాడి అన్న వార్త కృష్ణా జిల్లా పేజీలకు పాత చుట్టం. ఆన్‌లైన్ రమ్మీ వచ్చాక కంపెనీలు పట్టుకున్న ఆధారం కూడా మన తెలుగునేల మీద పుట్టిందే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో కోర్టు, రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదు, ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వెయ్యాలో తెలియాలి, కాబట్టి ఇందులో నైపుణ్యానిదే పైచెయ్యి అంది. ఆన్‌లైన్‌లోకి దిగిన దగ్గర్నుంచీ ఈ ముక్కను కంపెనీలు జోకర్‌లా వాడుకున్నాయి. అదే తీర్పులో రెండో ముక్క ఒకటుంది: ఆ ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే అప్పుడు నేరం కావచ్చు అని. అంటే కోర్టు ఆ రోజే ఆటను ఒక కంట చూసి, రెండో కంట ఆడించేవాడి గల్లాపెట్టెను చూసింది. ఈ రెండో ముక్కను మాత్రం కంపెనీలు ఎవరికీ చూపించకుండా చేతిలోనే దాచుకున్నాయి.

యాప్‌లో రమ్మీ ఎలా నడిచేదో చూస్తే ఆ దాపరికం ఎందుకో తెలుస్తుంది. టేబుల్ దగ్గర ఎవరు గెలిచినా కంపెనీకి కమీషన్ ముట్టేది. కంపెనీకి ఓటమన్నది ఉండేది కాదు. చేరగానే బోనస్ ఇచ్చేవారు, దాన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం ఇంకా ఆడాల్సి వచ్చేది. రెండు రోజులు ఆడకపోతే ఫోనే పేరుపెట్టి పిలిచేది. తోటలో పేకాట మధ్యాహ్నానికో పోలీసు జీపుకో ఆగుతుంది, దీనికి పొద్దూ ఉండేది కాదు, జీపూ ఉండేది కాదు. 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు వేసే డబ్బు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ మొదలయ్యేసరికి సర్కారు కూడా ఆ టేబుల్ దగ్గర కుర్చీ వేసుకున్నట్టయింది. రాష్ట్రాలు అప్పటికే విడివిడిగా అడ్డుకట్ట వేశాయి, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో. సరిహద్దు దాటితే చాలనుకునే వీలు తిరువూరు కుర్రాడికి మిగల్లేదు. ఆఖరికి 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. నైపుణ్యమా అదృష్టమా అన్న పాత తర్కాన్ని ఆ చట్టం పక్కనపెట్టి, డబ్బు పెట్టి ఆడేదైతే చాలు, నిషేధం అంది. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం పోషిస్తామంది.

ఇక్కడే బాబాయ్ గొప్పతనం చూడాలి. పక్కింటి కుర్రాడు రమ్మీలో అప్పులపాలైతే ఆయన తీర్పు: "కంపెనీ వాడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడా? ఆడినవాడిదే తప్పు." తన ఇంట్లోనే ఆ పని జరిగితే తీర్పు: "పసివాడండీ వాడికేం తెలుసు, ఉరి తియ్యాల్సింది ఆ యాప్ వాళ్లని." వినేవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. కాని మన చట్టాలు చేసిందీ అచ్చంగా ఇదే. 2020లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఆడుతూ పట్టుబడినవాళ్లకీ ఆరు నెలల దాకా జైలన్నారు. 2025 కేంద్ర చట్టం ఆడినవాడి మీద శిక్ష పెట్టలేదు. ఆడించినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ప్రకటనలిచ్చినవాడికి రెండేళ్లు, యాభై లక్షలు అంది. మొదటిది పక్కింటి కుర్రాడి కోసం రాసినట్టు, రెండోది సొంతింటి కుర్రాడి కోసం రాసినట్టు ఉంటుంది. ఈ రెండింటిలో నా ఓటు రెండోదానికే. ఓటమి లేని చోట కూర్చున్నవాడిని వదిలిపెట్టి, ఓడిపోవడమే పనిగా ఉన్నవాడిని జైల్లో పెట్టడంలో న్యాయం కనిపించదు. బాబాయ్ స్వార్థం కొద్దీ చేరుకున్న చోటికి పార్లమెంటు ఆలస్యంగా చేరుకుంది.

ఇది వట్టి ద్వంద్వనీతి కదా, దానికి పద్ధతనే పేరెందుకని ఎవరైనా అడగొచ్చు. అడగడం సబబే. ఆన్‌లైన్ రమ్మీ సంసారాలు కూలుస్తోందని డిసెంబరంతా ఉపన్యసించిన మనిషే సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర గొడుగు కింద కనిపిస్తాడు. అడిగితే అది సంప్రదాయం. రాష్ట్ర గేమింగ్ చట్టం 1974 నుంచి ఉందనీ, పందెంకోడికి కత్తి కట్టడం కూడా నేరమేననీ గుర్తుచేస్తే, "అక్కడ మనవాళ్లే గెలుస్తారు, మనవాళ్లే ఓడతారు, డబ్బు ఊళ్లోనే ఉంటుంది" అంటాడు. బరి వేసినవాడి వాటా సంగతి ఆయన నోట రాదు. ద్వంద్వనీతి ఉన్నమాట నిజమే. కాని డబ్బు ఊళ్లో ఉంటుందా, ఊరు దాటుతుందా అన్న ఆ ప్రశ్న దొంగ ప్రశ్న కాదు. దాన్ని అన్ని చోట్లా అడగకపోవడమే ఆయన చేసిన తప్పు.

ఇంకొందరి అభ్యంతరం వేరు: కోడ్ అంటే తెలియని మనిషి సాఫ్ట్‌వేర్ మీద తీర్పులివ్వడమేమిటి, తెలిసినవాళ్లకి వదిలెయ్యొచ్చు కదా అని. తెలిసినవాళ్ల చిట్టా కూడా ఒకసారి తిరగేద్దాం. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కార్డ్ పథకం కింద కంప్యూటర్లు వచ్చినప్పుడు ఇక మధ్యవర్తి ఉండడని నిపుణులే చెప్పారు. ఈనాడు ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందైనా చూడండి, దస్తావేజు లేఖరి చెట్టు కింది నుంచి ఏసీ గదిలోకి మారి, ప్రింటర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. 2025 జనవరి 30న 161 సేవలతో రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర మొదలైనప్పుడు, ఆఫీసుల చుట్టూ తిరిగే కర్మ తప్పిందని సెంటర్లో గట్టిగా చాటినవాడు బాబాయే. చాటి, నేరుగా నెట్ సెంటర్‌కి వెళ్లి, "ఒరే అబ్బాయ్, ఆ మన మిత్రలో నాదొకటి కొట్టిపెట్టరా" అని వాడి చేతిలో యాభై పెట్టాడు. యంత్రం మారినంత మాత్రాన చెయ్యి పోదు, చోటు మారుతుంది. ఇది నిపుణుడి కాగితంలో ఉండదు, బాబాయ్ యాభై రూపాయల్లో ఉంటుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామన్నప్పుడు, పెద్దపెద్ద చర్చల్లో ఏఐ మనిషిని మించుతుందా అని వాదించుకున్నారు. బాబాయ్ అడిగింది మూడే: కరెంటెంత తాగుతుంది, నీళ్లెక్కడివి, మన పిల్లలకి ఎన్ని ఉద్యోగాలు? తన పార్టీ అధికారంలో ఉంటే ఈ మూడూ అడగడనుకోండి. సాగర్ ఎడమ కాలువ మూడో జోన్‌లో, ఆయకట్టు చివర భూములున్న మనిషికి కాలువ మంచిదా చెడ్డదా అన్న చర్చ పట్టదు. పైన తూము ఎవడెత్తాడన్నదే ఆయనకు కావలసింది. ఫోను దగ్గరా ఆయనకు అదే అలవాటు.

ఇంత తెలివైన పద్ధతి ఆయన్ని ఎందుకు కాపాడదంటే, చేతులన్నిటినీ లెక్కపెట్టే ఆ మనిషి ఒక్క చేతిని, తన చేతిని, ఎప్పుడూ లెక్కలోకి తీసుకోడు. గుండెపోటుకి వెల్లుల్లి వైద్యం, ఆధార్ లేకపోతే మూతపడే ఖాతాలు, ఏ మంత్రీ ఎన్నడూ అనని మాటలు ఆ చెయ్యి పొద్దున్నే వాట్సాప్‌లో పదిమందికి తోస్తుంది. కుర్రాళ్ల ఫోన్లు పాడుచేస్తున్నాయని ఆయన బాధపడే సమాజానికి ఆ రోజు బోణీ ఆయనదే. ప్రధాని 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో డిజిటల్ అరెస్టు మోసం గురించి హెచ్చరించాడు. పోలీసు దుస్తుల్లో ఎవడో వీడియో కాల్‌లో కనబడి, నీ పేరున వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికింది, కదిలావంటే అరెస్టు అంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఇలాంటి వలలో పడేది చదువురానివాళ్లేనని బాబాయ్ తీర్పిచ్చి చాలా రోజులైంది. నిజానికి ఆ మోసగాడు వెతికేది బాబాయ్‌నే: బ్యాంకులో నాలుగు డబ్బులున్నవాడు, పరువుకి భయపడేవాడు, ఫోను వాడటం వచ్చినవాడు, తనకు అన్నీ తెలుసని నమ్మేవాడు, ఇంట్లో పిన్నిని అడగడానికి నామోషీపడేవాడు. ఆవిడని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఎందుకంటే ఆవిడ టెక్నాలజీ మీద ఒక్కరోజూ వాదించలేదు, పని పడినప్పుడు వాడుకుంది, అంతే.

కాబట్టి మీ ఊరి బాబాయ్‌తో వాదనకు దిగకండి, గెలవలేరు. ఆయన టీ తాగుతున్నప్పుడు ఆ ఫోను అడిగి తీసుకుని, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930ని అందులో ఎక్కించి ఇవ్వండి. డబ్బు పోయాక ఎంత త్వరగా ఆ నంబరుకి చేస్తే, ఖాతాలు మారకముందే దాన్ని ఆపే అవకాశం అంత ఎక్కువ. పిన్ని ఫోన్లో కూడా ఎక్కించండి, చేసేది బహుశా ఆవిడే.