ఎనుము తాగేసిన శాంపిల్

ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ సీటొచ్చిందని చెబితే మా అవ్వ, "అదేం చదువప్పా?" అంది.

"మురికినీళ్లను మంచినీళ్లు చేసే చదువవ్వా."

కాసేపు ఆలోచించి, "మురికి చేసేదానికి ముందు నీళ్లుండల్ల గదప్పా!" అంది. ఆ రెండేళ్లలో నేను జవాబు చెప్పలేకపోయిన తొలి వైవా అదే.

మాది అనంతపురం జిల్లా. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించేసుకుని, మా దాకా వచ్చేసరికి చేతులూపుకుంటూ పోతాయి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత మేమేనని, అదేదో రెండో ర్యాంకు వచ్చినట్టు చెప్పుకుంటాం.

సిలబస్ మాత్రం గోదారొడ్డున కూర్చుని రాసినట్టుంటుంది. మురుగు పైపులున్న పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లట. సెలవుల్లో ఆ లెక్కను అవ్వకు బిందెల్లో చెప్పాను: 15 లీటర్ల బిందెలు తొమ్మిది.

"ఇంటికంతానా?"

"ఒక్క మనిషికి."

"మనిషా, ఎనుమా?"

థీసిస్‌కు నేను ఎంచుకున్నది పల్లె ఇళ్లలో వాడేసిన నీళ్ల బీఓడీ, అంటే ఆ మురికిని తినడానికి సూక్ష్మజీవులు పీల్చుకునే ఆక్సిజన్ లెక్క. 300 మిల్లీలీటర్ల సీసాలో శాంపిల్ పోసి, 20 డిగ్రీల చల్లదనంలో అయిదు రోజులు చీకట్లో ఉంచాలి. బయట నలభై డిగ్రీల ఎండ. మురుగేమో ఇంక్యుబేటర్లో హాయిగా పడుకుంటే, నేను హాస్టల్లో వేడిగాలి విసిరే ఫ్యాను కింద ఉడికేవాణ్ణి.

ఐసు డబ్బా భుజానేసుకుని శాంపిల్ కోసం ఊరికెళ్లాను. వీధి కాలవలో దుమ్ము తప్ప ఏమీ లేదు. బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి, గిన్నెలు కడిగినవి కరివేపాకు చెట్టుకు, ఒళ్లు కడిగినవి అరటి పిలకకు. ఆఖరికి తొట్టిలోనే సీసా ముంచబోయాను. ఎనుము తలెత్తి చూసింది. వెనక నుంచి అవ్వ కూడా చూసింది.

"దాని నోటికాడిది తీస్తావా? దప్పికైతే బిందెలో సాయిబాబా నీళ్లుండాయి, తాగిపో!"

సాయిబాబా నీళ్లంటే పుట్టపర్తి సత్యసాయి పథకం కొళాయి నీళ్లు. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి తాగడానికి అవే. అవ్వ వాటిని నాకు లోటాడు ఇచ్చింది గానీ, కుడితి మాత్రం చెంచాడు ఇవ్వలేదు.

చివరికి టౌను మురుగు కాలవే నా చదువును కాపాడింది. థీసిస్‌లో పల్లెల గురించి ఒకే ముక్క రాశాను: 'నమూనా లభ్యం కాలేదు.' గైడుగారు పక్కనే ఎర్రసిరాతో 'కారణం?' అని రాశారు. 'ఎనుము తాగేసింది' అని రాస్తే డిగ్రీ ఇవ్వరు. అందుకని 'గృహస్థాయిలో వాడిన నీటి సంపూర్ణ పునర్వినియోగం' అని రాశాను. డిగ్రీ ఇచ్చారు. రెండు వాక్యాలకూ అర్థం ఒకటే.